ఊపిరితో ఫోన్, కంప్యూటర్ నడపాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

చేతులు కదలని మనిషికి ఫోనో కంప్యూటరో అందుబాటులోకి తేవాలంటే అందరికీ ముందు తట్టేవి రెండే: మాట, చూపు. ఊపిరి సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. తెలిశాక వెతికితే అదే పేరు కింద ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు రకాల పరికరాలు కనిపిస్తాయి. గొట్టంలో ఊదేది ఒకటి, మైకు ముందు ఊదేది ఒకటి, ముక్కుతో ఎగబీల్చేది ఒకటి, ఛాతీకి కట్టుకునే పట్టీ ఇంకొకటి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ఏదో ఒకటి కొనేస్తే డబ్బు పోవడం అటుంచి, "ఇది నావల్ల కాదు" అన్న నిరాశ ఆ మనిషిలో పాతుకుపోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. చాలాసార్లు ఆ మనిషికి చేతకాక కాదు, ఎంపిక కుదరక అలా జరుగుతుంది.

అందుకే పరికరాల జోలికి వెళ్లేముందు ఒక తేడా తెలుసుకోవాలి. స్ట్రాతో నీళ్లు తాగేటప్పుడు గమనించండి. పీల్చుతున్నది ఊపిరితిత్తులు కావు. నాలుక, బుగ్గలు కలిసి నోట్లో ఒత్తిడి తగ్గిస్తాయి, నీళ్లు పైకొస్తాయి. ఆ మధ్యలో ముక్కుతో ఊపిరి ఆడించుకోవచ్చు కూడా. అంటే మనం ఊపిరి అని ఒకే మాటతో చెప్పేదాంట్లో రెండు వేర్వేరు పనులున్నాయి. ప్రాణం నిలబెట్టే ఛాతీ ఊపిరి ఒకటి, బుగ్గలతో పుట్టించే నోటి ఒత్తిడి మరొకటి. నా సలహా అంతా ఈ తేడా మీదే నడుస్తుంది: బటన్ నొక్కడం లాంటి ఆజ్ఞలకు నోటి ఒత్తిడిని వాడండి. ఛాతీ ఊపిరిని నెమ్మదిగా సాగే పనులకే ఉంచండి.

ఛాతీ ఊపిరిని బటన్‌లా వాడితే ఏమవుతుంది? పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. ప్రతి ఆజ్ఞకూ ఒక గట్టి ఊపిరి కావాలంటే ఆ లయ చెదురుతుంది. అవసరానికి మించి గాలి వదిలేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, కాసేపటికి తల తిరుగుతుంది, వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి పడుతుంది. ఎవరైనా ఊపిరి పరికరం వాడుతూ "తల తేలిపోతోంది" అంటే పరికరం తప్పుగా అమర్చారనో, బుగ్గలతో ఊదడం వాళ్లకు ఎవరూ నేర్పలేదనో అనుకోవాలి.

సిప్ అండ్ పఫ్ గొట్టం

అన్నిటిలోకి పాతది, ఈ రోజుకీ ఎక్కువమందికి పనికొచ్చేది ఇదే. 1960ల ఆరంభంలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసం రెజ్ మేలింగ్ రూపొందించిన పోసమ్ యంత్రం ఈ పద్ధతిలోనే నడిచింది. గొట్టంలో ఊది, పీల్చి టైప్‌రైటర్ దాకా నడిపించారు. ఇప్పటి పరికరాల్లోనూ సూత్రం మారలేదు. సన్నని గొట్టం, చివర ఒత్తిడి కొలిచే సెన్సర్, ఊదితే ఒక స్విచ్, పీల్చితే ఇంకో స్విచ్.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఇది ఇంత బాగా ఎందుకు కుదురుతుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఊపిరి ఆడించే ప్రధాన కండరమైన డయాఫ్రమ్‌కు నరాలు మెడలోని సీ3, సీ4, సీ5 స్థాయిల నుంచి వెళ్తాయి. దెబ్బ అక్కడ తగిలితే ఊపిరే కష్టమవుతుంది. పెదవులు, బుగ్గలకు వెళ్లే నరాలు మాత్రం వెన్నుపాముతో సంబంధం లేకుండా నేరుగా మెదడు నుంచి వస్తాయి. కాబట్టి వెంటిలేటర్ మీద ఉన్నవారిలో కూడా చాలామంది నోటి ఒత్తిడితో స్విచ్ నడపగలరు. "ఊపిరే సరిగా ఆడని మనిషికి ఊపిరి పరికరమా?" అని కుటుంబసభ్యులు వెనకాడటం సహజం. కానీ ఈ గొట్టం అడిగేది ఊపిరితిత్తుల బలాన్ని కాదు, పెదవులు గట్టిగా మూసుకోగలగడాన్ని.

అదే కారణంతో, కండరాలను నడిపే నరకణాలు క్రమంగా నశించే ఏఎల్ఎస్ లాంటి జబ్బుల్లో దీన్ని ఎంచుకునేముందు ఆలోచించాలి. అక్కడ మెదడు నుంచి పెదవులకు, నాలుకకు వెళ్లే నరకణాలే క్రమంగా దెబ్బతినవచ్చు. పెదవి మూల నుంచి గాలి జారిపోవడం మొదలైతే గొట్టం మొరాయిస్తుంది. మాట ముద్దగా రావడం, చొంగ కారడం, నీళ్లు తాగుతుంటే పొలమారడం ఇప్పటికే ఉంటే దీని మీద ఖర్చు పెట్టకండి. అలాంటివారికి మొదటి నుంచీ కళ్ల కదలికతో తెరను నడిపే కంటిచూపు పద్ధతి అలవాటు చేయడం మేలు.

గొట్టం ఇచ్చే సంకేతాలు తక్కువ. మామూలుగా రెండు: ఊదడం, పీల్చడం. మెల్లగా, గట్టిగా అన్న తేడా చూపగలిగితే నాలుగు. విద్యుత్ చక్రాల కుర్చీల్లో ఈ నాలుగూ వాడతారు. సాధారణంగా గట్టిగా ఊదితే ముందుకు, గట్టిగా పీల్చితే ఆగడం లేదా వెనక్కి, మెల్లగా ఊదితే ఒక పక్కకు, మెల్లగా పీల్చితే రెండో పక్కకు. ఒకసారి ఊదితే ఆపేదాకా కుర్చీ నడుస్తూనే ఉండే అమరిక కూడా ఉంటుంది. దగ్గొచ్చినా గొట్టం జారినా కుర్చీని ఆపే మార్గం ఇంకొకటి లేకుండా ఆ అమరిక పెట్టుకోవద్దు.

ఫోన్, కంప్యూటర్ విషయానికొస్తే, రెండు సంకేతాలతో తెర మొత్తం నడిపించే ఏర్పాటు వాటిలోనే ఉంది. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్, ఐఫోన్‌లో స్విచ్ కంట్రోల్. వెలుగు గీత తెర మీద ఒక్కో గడి దాటుతూ పోతుంది, కావాల్సిన చోటికి రాగానే ఊదాలి. తేలికే, కాకపోతే నిదానం. 6 వరుసలు, 6 నిలువు గడులున్న అక్షరాల పలకలో చివరి గడికి చేరాలంటే ముందు వరుసలకు 6, తర్వాత గడులకు 6, మొత్తం 12 అడుగులు పడతాయి. ఒక్కో అడుగుకు ఒక సెకను పెట్టుకుంటే ఆ ఒక్క అక్షరానికే 12 సెకన్లు. తెలుగులో రాసేవారికి ఇది ఇంకా పెరుగుతుంది. మనకు ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" కీబోర్డుకు ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. పదాలను ముందే ఊహించి చూపే సదుపాయం ఆన్ చేయకుండా స్విచ్‌తో తెలుగు రాయమనడం ఎవరి ఓపికకైనా పరీక్షే.

వేగం కావాలనుకునేవారికి ఒక్కో అక్షరాన్ని చుక్కలు, గీతలతో చెప్పే మోర్స్ కోడ్ ఉంది. 2018 నుంచి గూగుల్ కీబోర్డులో మోర్స్ కోడ్ వచ్చింది, స్విచ్‌లతో వాడుకోవచ్చు. పీల్చితే చుక్క, ఊదితే గీత అని పెట్టుకున్నారనుకోండి. రోమన్ అక్షరాల్లో "అమ్మ" (amma) అని రాయాలంటే: పీల్చి ఊదడం, రెండు ఊదులు, మళ్లీ రెండు ఊదులు, పీల్చి ఊదడం. ఎనిమిది కదలికలతో అయిపోయింది. వెలుగు గీత ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సిన పని లేదు, లయ మన చేతిలో ఉంటుంది. నేర్చుకోవడానికి శ్రమ పడాలి, లిపి రోమన్‌కే పరిమితం. అయినా రోజూ సందేశాలు రాసుకునే మనిషి, రోమన్ లిపిలో తెలుగు రాయడం అలవాటున్న మనిషి అయితే ఈ శ్రమ పడమనే చెబుతాను.

ఇక కొన్నాక ఎదురయ్యే తిప్పలు. అన్నిటికంటే ఎక్కువగా వేధించేది గొట్టం నిలబడే చోటు. మంచానికో కుర్చీకో బిగించే వంగుడు కడ్డీ మొదట్లో సరిగ్గా పెదవి దగ్గరే ఉంటుంది. కుర్చీ వెనక్కి వాల్చగానే, లేదా కడ్డీ తన బరువుకు తానే వంగగానే గొట్టం రెండు వేళ్ల దూరం జరిగిపోతుంది. ఆ రెండు వేళ్ల దూరమే చేతులు కదలని మనిషికి దాటలేని దూరం, మళ్లీ ఎవరో వచ్చి సర్దేదాకా ఆగాలి. తలకు పెట్టుకునే హెడ్‌సెట్ రకం తలతో పాటే కదులుతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. రోజంతా పెట్టుకుంటే చెవుల వెనక ఒరుసుకుంటుంది, అది వేరే సంగతి. పడుకునో వాలిపోయో వాడేవారికి హెడ్‌సెట్ రకం, నిటారుగా కూర్చుని వాడేవారికి కడ్డీ రకం అని నేను చెబుతుంటాను. గొట్టం కొస పెదవికి తగలకుండా, కొంచెం ముందుకు చాస్తే అందేలా ఉండాలి. ఎప్పుడూ నోట్లోనే ఉంటే మాట్లాడటం కుదరదు.

తడి రెండో తిప్పలు. ఉమ్మి, ఊపిరిలోని ఆవిరి కలిసి గొట్టంలోకి చేరతాయి. సెన్సర్ దాకా వెళ్తే అది పాడవుతుంది. మధ్యలో ఫిల్టర్ పెట్టే వీలున్న పరికరాన్నే తీసుకోండి. నోటి ముక్కలు విడిగా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. ఒకరు వాడినది ఇంకొకరికి ఇవ్వకూడదు.

అతికించే వైపు ఏముందో కూడా చూడాలి. 3.5 మి.మీ. పిన్ను ఉన్నదైతే చాలా స్విచ్ పెట్టెలకు, ఆటల పరికరాలకు సరిపోతుంది. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు ఇలాంటి రంధ్రాలు 19 ఉన్నాయి. కంప్యూటర్‌కు మాత్రమే అయితే యూఎస్‌బీతో కలిపి కీబోర్డు మీటలా పనిచేసే రకం తేలిక.

గొట్టానికి జాయ్‌స్టిక్ కలిపినవీ ఉన్నాయి. పెదవులతో కర్ర కదిపితే కర్సర్ కదులుతుంది, ఊదితే, పీల్చితే క్లిక్. కెనడాలోని నీల్ స్క్వైర్ సొసైటీ ఇలాంటి లిప్‌సింక్ అనే పరికరం నమూనాను ఎవరైనా తయారు చేసుకునేలా బహిరంగంగా పెట్టింది. ఆటల కోసమైతే క్వాడ్‌స్టిక్ ఉంది. మెడ, పెదవులు బాగా కదిలే మనిషికి ఇవి వట్టి గొట్టం కంటే ఎంతో స్వేచ్ఛనిస్తాయి. గడి గడికీ ఆగకుండా కర్సర్‌ను నేరుగా కావాల్సిన చోటికి తీసుకెళ్లొచ్చు. మెడ త్వరగా అలిసిపోయేవారు మాత్రం అరగంట వాడి చూసి తేల్చుకోవాలి.

మైకు ముందు ఊదడం

ఇందులో కొనాల్సిందేమీ లేదు, ఫోన్‌లోనే మైకు ఉంది. 2004 నాటి నింటెండో డీఎస్ మైకులో ఊదుతూ ఆడే ఆటలు వచ్చాయి. 2008లో ఐఫోన్ మైకులోకి ఊది వేణువులా వాయించే ఒకరీనా అనే యాప్ కూడా వచ్చింది. సరదాకు, పిల్లలతో మొదటి పరిచయానికి బాగుంటుంది.

రోజువారీ పనికి దీన్ని సిఫారసు చేయను. ఊదినప్పుడు మైకుకు వినిపించేది గాలి సుడుల గరగర, అంతే. ఫ్యాన్ గాలి తగిలినా అదే గరగర. పైగా ఫోన్లలో మాట స్పష్టంగా వినపడటానికి పెట్టిన శబ్దనివారణ ఆ గరగరనే తొలగించాలని చూస్తుంది. పీల్చడాన్ని మైకు గుర్తించలేదు కాబట్టి మిగిలే సంకేతం ఒక్కటే. పొట్టి ఊదు, పొడుగు ఊదు అని విడగొట్టినా రెండే.

మైకునే వాడాలనుకుంటే దీనికంటే మంచి దారి ఉంది. ఐఫోన్‌లో 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి స్విచ్ కంట్రోల్‌లో సౌండ్ యాక్షన్స్ అనే సదుపాయం ఉంది. నాలుకతో చేసే టక్కుమనే చప్పుడు, పెదవులతో చేసే "ప్" లాంటి చిన్న చప్పుళ్లకు ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించవచ్చు. గాలి ఒత్తిడి కంటే చప్పుడును గుర్తించడం మైకుకు సహజమైన పని. ఐఫోన్ ఇప్పటికే ఉంటే, గొట్టం కొనేముందు ఇది ప్రయత్నించి తీరాలి. ఖర్చు లేదు, పెదవులకు ఎంత పట్టుందో కూడా ఇందులోనే తెలిసిపోతుంది.

ముక్కుతో ఎగబీల్చడం

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2010లో ముక్కు దగ్గర ఒత్తిడి కొలిచి, ఎగబీల్పులతో కంప్యూటర్, చక్రాల కుర్చీ నడిపించవచ్చని చూపించారు. ఒంట్లో దాదాపు ఏ కండరమూ కదపలేని లాక్డ్-ఇన్ స్థితిలో ఉన్న కొందరు దీనితో రాయగలిగారు. అంగిలి వెనక ఉండే మెత్తని భాగం గాలిని ముక్కుకు మళ్లించాలా, నోటికి మళ్లించాలా అన్నది నిర్ణయిస్తుంది. దాన్ని నడిపే నరాలూ నేరుగా మెదడు నుంచే వస్తాయి. పెదవులు మూసుకోలేని మనిషికి కూడా అంగిలి కదలిక మిగిలి ఉండవచ్చు అన్నదే ఇందులోని ఆశ. సిప్ అండ్ పఫ్ లాగా ఇది విరివిగా దొరకదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే ఆ నాలుగు రోజులూ దారి మూసుకుపోయినట్టే. అయినా చూపు పద్ధతి కూడా కుదరని మనిషి విషయంలో వైద్యుల దగ్గర, పునరావాస నిపుణుల దగ్గర ఈ ప్రస్తావన తప్పక తేవాలి.

ఛాతీ పట్టీ

ఛాతీ చుట్టూనో పొట్ట చుట్టూనో కట్టుకుంటే ఊపిరికి ఛాతీ సాగడం, ముడుచుకోవడం కొలుస్తుంది. ఆజ్ఞలకు ఇది పనికిరాదని ముందే చెప్పాను. మాట్లాడినా, నవ్వినా, పక్కకు ఒరిగినా లెక్క మారిపోతుంది. ఒక్కో ఊపిరికి మూడు నుంచి ఐదు సెకన్లు పడుతుంది కాబట్టి బటన్‌లా వాడాలంటే చాలా నిదానం.

కానీ దాని చోట దాన్ని పెడితే ఇంత అందంగా పనిచేసేది ఇంకొకటి లేదు. 1995లో కెనడా కళాకారిణి ఛార్ డేవిస్ తయారుచేసిన ఓస్మోస్ అనే వర్చువల్ రియాలిటీ కళాఖండంలో ఊపిరి పీల్చితే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు, ఒంటిని వాల్చితే దిశ మారుతుంది. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్లు నీటిలో తేలే లోతును ఊపిరితోనే సర్దుకుంటారు. డేవిస్ స్వయంగా డైవింగ్ చేసే మనిషి, ఆ అనుభవం నుంచే ఈ పద్ధతి తీసుకుంది. ఇక్కడ ఎవరూ ఏ బటనూ నొక్కడం లేదు. శరీరం తన మానాన చేస్తున్న పనిని యంత్రం అనుసరిస్తోంది. ధ్యానం, ఆందోళన తగ్గించుకోవడం, నిమిషానికి సుమారు 6 ఊపిరుల నిదానపు లయ సాధన చేయడం వంటివాటికి పట్టీయే సరైనది. గొట్టంలో ఊదుతూ ప్రశాంతత సాధించడం కుదిరే పని కాదు.

పట్టీ కూడా లేకుండా రాడార్‌తో ఊపిరి పసిగట్టే పరికరాలూ ఉన్నాయి. 2021 నాటి గూగుల్ నెస్ట్ హబ్ రెండో తరం నిద్రను గమనించడానికి అలాగే చేస్తుంది. అది గమనించడానికే, నడిపించడానికి కాదు. ఇలాంటివి ఎంచుకుంటే ఊపిరి లెక్కలు ఎక్కడికి చేరుతున్నాయో సెట్టింగ్స్‌లో చూసుకోండి. మన ఆందోళన, అనారోగ్యం ఊపిరిలో తెలిసిపోతాయి, ఆ లెక్కలు మామూలు వివరాలు కావు.

సంగీతం వాయించేవారికి

వీరి అవసరం వేరు. స్విచ్‌కు ఊదారా లేదా అన్నది చాలు. సంగీతానికి ఎంత ఊదారన్నది కావాలి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్‌కు బీసీ1 అనే ఊదే పరికరం తగిలించే వీలుండేది. సంగీత పరికరాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే మిడి పద్ధతిలో ఇప్పటికీ 2వ నంబరు కంట్రోలర్ ఊపిరిదే, 0 నుంచి 127 మెట్లు. కీబోర్డు వాయించే చేతులకు ఊపిరి తోడైతే చాలు అనుకుంటే మెడకో తలకో తగిలించుకునే కంట్రోలర్ సరిపోతుంది. సాక్సోఫోన్‌లా వేళ్లతో పట్టుకుని వాయించాలంటే అకాయ్ ఈడబ్ల్యూఐ లాంటి గాలి వాద్యం కావాలి. కొనేముందు గాలి బయటికి పోయే దారి ఎంత ఉందో ఊది చూడండి. దారి ఇరుకుగా ఉంటే పెదవి మూలల నుంచి కాస్త గాలి వదులుతూ వాయించడం నేర్చుకోవాలి, లేకపోతే నాలుగు చరణాలకే ఊపిరి బిగదీస్తుంది.

మాట, చూపులతో పోలిస్తే

మాట స్పష్టంగా ఉన్న మనిషికి ఊపిరి పరికరం ఒక్కటే ఇచ్చి సరిపెట్టకండి. గూగుల్ కీబోర్డులో తెలుగులో చెబితే రాసే సదుపాయం ఉంది. వాక్యాలు మాటతో, క్లిక్కులు ఊదుతో అన్న జంట రెండింటిలో ఏ ఒక్కదానికంటే హాయిగా ఉంటుంది. పక్కన జనం ఉన్నా, అర్ధరాత్రి అందరూ నిద్రపోతున్నా మాట వాడలేం. ఊదడానికి చప్పుడు ఉండదు.

చూపు పద్ధతిలో ప్రధానమైన చిక్కు, చూసిన ప్రతిదీ క్లిక్ అయిపోవడం. ఒకచోట చూపు కాసేపు నిలిపితే క్లిక్ అనుకుంటుంది యంత్రం. చదువుకోవడానికి చూస్తున్నామో, నొక్కడానికి చూస్తున్నామో దానికి తెలియదు. కర్సర్ చూపుకు, క్లిక్ ఊదుకు ఇస్తే ఆ తికమక అక్కడికక్కడే తీరుతుంది. పెదవులు బాగున్నవారికి నేను అన్నిటికంటే ముందు సూచించేది ఈ కలయికే.

కొనేముందు పరీక్ష

రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గర అరువుకు తెచ్చి చూసే వీలుంటే అంతకంటే మంచిది లేదు. దుకాణంలో ఐదు నిమిషాలు ఊది "పనిచేస్తోంది" అనుకోవద్దు. పొద్దున, భోజనం అయ్యాక, సాయంత్రం అలిసిపోయాక, వాలి పడుకున్నప్పుడు, ఇన్ని వేళల్లో చూడాలి. సాయంత్రం అలసటలో కూడా నమ్మకంగా పనిచేసిన పద్ధతినే ఎంచుకోండి. పొద్దున వేగంగా ఉండి సాయంత్రానికి చేతులెత్తేసేది వద్దు.

అనుకోకుండా పడే క్లిక్కులూ గమనించాలి. ఆ మనిషిని మాట్లాడించండి, నవ్వించండి, గుటక వేయమనండి, దగ్గమనండి. ఇన్నిటిలో పరికరం కదలకుండా ఉండాలి, కావాలని ఊదినప్పుడే స్పందించాలి. అలా కుదిరేదాకా సున్నితత్వాన్ని మెల్లగా సర్దండి. మొదట అతి తేలికైన ఊదుకు స్పందించేలా పెట్టి, తప్పుడు క్లిక్కులు ఆగేదాకా కొద్దికొద్దిగా బిగించడం మంచి పద్ధతి. గట్టి ఊదుతో మొదలుపెడితే నేర్చుకునేవారు మొదటి గంటలోనే డీలాపడతారు.

ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు, మింగడంలో ఇబ్బంది ఉన్నవారు వైద్యుడిని, స్పీచ్ థెరపిస్టును అడిగాకే మొదలుపెట్టాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా, సహాయానికి పిలిచే గంట మాత్రం ఈ పరికరంతో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. గొట్టం జారినా, బ్యాటరీ అయిపోయినా, ఫోన్ అప్‌డేట్ అవుతున్నా ఆ గంట మోగాలి. తల పక్కకు తిప్పితే తగిలే మెత్తటి స్విచ్ ఒకటి దిండు పక్కన బిగించి, రాత్రి పడుకునేముందు ఒకసారి మోగించి చూడటం రోజూ చేయాల్సిన పని.